నెల్సన్ వీధి, 62వ నంబరు ఇల్లు

పొదుపు, అప్పులు, వసూళ్ల లెక్కలు ముందు పేజీల్లో చూశారు. ఈ రెండు పేజీలూ ఒక ఇంటి చరిత్ర కోసం.

ఇంగ్లండులో మాంచెస్టర్ అనే ఊరుంది. ఒకప్పుడు ఆ ఊరి మిల్లు బట్ట మన మగ్గాల పొట్ట కొట్టింది. అదే ఊళ్లో, నెల్సన్ వీధిలోని 62వ నంబరు ఇంట్లో ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడిన ఒక పెద్ద సంఘం పుట్టింది.

ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ భర్త లాయరు. 1898లో ఆయన పోయాడు, అప్పులు మిగిలాయి. ఆమె పెద్దిల్లు వదిలి, పిల్లలతో ఈ చిన్న ఇంటికి మారింది. జనన మరణాలు నమోదు చేసే ఉద్యోగంలో చేరింది. పుట్టుకలు రాయించడానికి వచ్చే పేద తల్లుల కష్టాలు ఆ పనిలోనే దగ్గరగా విన్నది.

భర్త జ్ఞాపకంగా కట్టిన హాలుకు కూతురు సిల్వియా రంగులతో అలంకరణ చేసింది. తీరా చూస్తే, అక్కడి శాఖలో ఆడవాళ్లకు చోటు లేదన్నారు! ఇక ఒకరిని అడిగేదేమిటని, 1903 అక్టోబర్ 10న కొద్దిమంది ఆడవాళ్లు ఆ ఇంటి ముందుగదిలో కూర్చుని సొంత సంఘం పెట్టుకున్నారు. 'మాటలు కాదు, చేతలు' అన్నదే వాళ్ల మాట. జైళ్లకు వెళ్లారు, నిరాహార దీక్షలు చేశారు. బలవంతంగా గొట్టాలతో తిండి పోసినా లొంగలేదు.

1918లో ఓటొచ్చింది గానీ, 30 ఏళ్లు నిండి, ఆస్తి అర్హత ఉన్నవాళ్లకే. మగవాళ్లతో సమానంగా 21 ఏళ్లకే ఓటు వచ్చింది 1928లో. ఆ చట్టం రావడానికి కొద్ది వారాల ముందే ఎమ్మెలిన్ కన్నుమూసింది. మన రాజ్యాంగం మాత్రం 1950లోనే ఆడా మగా తేడా లేకుండా అందరికీ ఓటిచ్చింది.

తర్వాత ఆ ఇల్లు పాతబడింది. పక్కనే పెద్దాసుపత్రి. 1970ల చివర్లో ఇంటిని కూల్చేద్దామనుకున్నారు. ఆడవాళ్లు ఊరుకోలేదు, పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. 1987లో దాని తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఇప్పుడది మ్యూజియం. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్లకు అండగా నిలిచే సంస్థ కూడా అక్కడే పనిచేస్తోంది. పాత పోరాటాన్ని చూపించే చోటే ఈనాటి కష్టానికీ సాయం దొరుకుతుంది.

మన దగ్గర అలాంటి ఇల్లు లేకపోవచ్చు. కానీ 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన జిల్లాలోనే పొదుపు ఉద్యమం ఊపందుకుంది. ఆ చరిత్ర మనది. మన వంతు చరిత్ర మన తీర్మానాల పుస్తకాల్లో ఉంది: మొదటి సంతకాలు, వేలిముద్రలు, మొదటి అప్పు ఎవరికి, ఎందుకు ఇచ్చామో అన్నీ. చెదలు తిన్నాక అవి మళ్లీ రావు.

కాబట్టి పాత పుస్తకాలను చిత్తు కాగితాల కింద అమ్మకండి. గ్రామ సంఘం బీరువాలో ఒక అర వాటికి కేటాయించండి. మొదటినాటి సభ్యులు మన మధ్య ఉండగానే వాళ్ల మాటలు రాసి పెట్టండి. రాయడం వచ్చిన మన ఆడపిల్లలకు ఆ పని అప్పగిద్దాం.