మేఘనాద్ సాహా: వెలివేసిన పంక్తి నుంచి నక్షత్రాల సమీకరణం దాకా

మేఘనాద్ సాహా (1893–1956) క్వాంటం సిద్ధాంతాన్ని నక్షత్రాల అధ్యయనానికి అన్వయించిన భౌతిక శాస్త్రవేత్త, పార్లమెంటు సభ్యుడు.

బాల్యం, చదువు

నేటి బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గరి సియోరాతలి గ్రామంలో 1893 అక్టోబర్ 6న పుట్టారు. తండ్రి జగన్నాథ్ సాహా చిన్న కిరాణా కొట్టు నడిపేవారు. పై చదువుకు స్తోమత లేకపోతే, అనంత కుమార్ దాస్ అనే వైద్యుడు ఇంట్లో చోటిచ్చారు. తిన్న పళ్లెం తానే కడుక్కోవాలన్నది షరతు. 1905లో బెంగాల్ విభజన తర్వాత, గవర్నర్ ఫుల్లర్ రాకను బహిష్కరించినందుకు ఢాకా కాలేజియేట్ స్కూల్ నుంచి పంపేశారు. స్కాలర్‌షిప్ పోయింది. 1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. ఈడెన్ హిందూ హాస్టల్‌లో అగ్రకుల విద్యార్థులు ఆయనతో కలిసి భోంచేయడానికి ఒప్పుకోలేదు.

పరిశోధన

సహాధ్యాయి సత్యేంద్రనాథ్ బోస్‌తో కలిసి ఐన్‌స్టీన్ సాపేక్షతా పత్రాలను ఇంగ్లీషులోకి అనువదించారు. 1920లో అయనీకరణ సమీకరణాన్ని ప్రకటించారు. ఎలక్ట్రాన్‌ను పరమాణువు నుంచి విడదీయడానికి ఇంత శక్తి కావాలని క్వాంటం సిద్ధాంతం చెబుతుంది. ఏ ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర ఎన్ని పరమాణువులు అలా విడిపోతాయో సాహా లెక్క తేల్చారు. దాంతో నక్షత్ర వర్ణపటంలోని గీతలను బట్టి దాని వేడిని చెప్పగలిగారు. నక్షత్రాల్లో అధికభాగం హైడ్రోజన్ అని 1925లో సెసిలియా పేన్ చూపింది ఈ సమీకరణం ఆధారంగానే. 1927లో సాహా రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

ప్రజాజీవితం

1923 నుంచి 1938 వరకు అలహాబాద్‌లో బోధించారు. 1935లో ‘సైన్స్ అండ్ కల్చర్’ పత్రికను స్థాపించి వరదలు, నదీ లోయల ప్రణాళిక గురించి రాశారు. కలకత్తాలో అణుభౌతిక పరిశోధన సంస్థను నెలకొల్పారు. నేడది ఆయన పేరుతోనే ఉంది. తొలి సార్వత్రిక ఎన్నికల్లో స్వతంత్రుడిగా లోక్‌సభకు గెలిచారు. పంచాంగ సంస్కరణ కమిటీకి అధ్యక్షత వహించారు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో, ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళ్తూ కన్నుమూశారు.

దళిత శాస్త్రవేత్త అనవచ్చా?

పశ్చిమ బెంగాల్ షెడ్యూల్డ్ కులాల జాబితాలో సున్రి కులం ఉంది గానీ, సాహాలను మినహాయించారు. కాబట్టి చట్టం లెక్కలో ఆయన దళితుడు కాదు. ఆ మాట దాచనక్కర్లేదు. జాబితాలో పేరు లేకపోయినా పళ్లెం దగ్గర, పంక్తి దగ్గర కులం ఆయన్ను వదల్లేదు. హాస్టల్ మెస్‌లలో ఈనాటికీ వివక్షతో పోరాడుతున్న విద్యార్థులకు ఈ చరిత్ర తెలియాలి.