అరుగుదల పొయ్యి మీదే మొదలు

మాంసం అరగదనీ, రెండు మూడు రోజులు కడుపులోనే కుళ్లుతూ ఉంటుందనీ ఒక మాట మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయింది. 2014 నాటి సర్వేలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులని తేలిన తెలంగాణలో ఈ భయం ఉండటం విచిత్రమే. తార్నాక నుంచి హబ్సిగూడ, ఉప్పల్ మీదుగా చెంగిచెర్ల దాకా, నాచారాన్ని ఒరుసుకుంటూ పోయే దారిలో మూడు పరిశోధన సంస్థలున్నాయి. వాటి పని తీరు తెలిస్తే ఈ భయం నిలవదు. మటన్ తిన్నాక వచ్చే ఇబ్బందికి మన కడుపు కారణం కాదు. వండిన తీరు, వడ్డించుకున్న కొలత కారణం.

ముందు కడుపు సంగతి. ఉప్పల్ రోడ్డు మీద ఉన్న సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) శాస్త్రవేత్తలు విదేశీ పరిశోధకులతో కలిసి 2012లో ప్రచురించిన అధ్యయనం పాల గురించినది. పెద్దయ్యాక కూడా పాలు అరగాలంటే ఒక జన్యుమార్పు కావాలి. అది మన దేశంలో వాయవ్యాన ఎక్కువ, దక్షిణాదికి వచ్చేసరికి తక్కువ. అంటే అందరూ తేలికని నమ్మే పాలకే శరీరం కొత్త ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది. మాంసానికి అలాంటి అవసరమే పడలేదు. జఠరరసంలోని ఆమ్లం మాంసకృత్తుల మడతలు విప్పుతుంది, 1836లో జర్మన్ శాస్త్రవేత్త ష్వాన్ గుర్తించిన పెప్సిన్ వాటిని తుంచుతుంది, క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్ ఇంకా చిన్నవి చేస్తుంది. చిన్నపేగు దాటేలోపే అందులో చాలా భాగం రక్తంలో చేరిపోతుంది. పెద్దపేగుకు అరగకుండా చేరేది ఎక్కువగా గింజల పొట్టు, ఆకుకూరల పీచు. దీనికి పాత సాక్ష్యం కూడా ఉంది. 1822లో తుపాకీ దెబ్బ తగిలి కడుపుకు పడిన రంధ్రం మూసుకోని సెయింట్ మార్టిన్ అనే కూలీ మీద అమెరికా సైనిక వైద్యుడు బోమాంట్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. పట్టుదారానికి తిండి ముక్కలు కట్టి లోపలికి దించి, గడియారం చూసుకుంటూ బయటికి లాగేవాడు. 1833లో అతను అచ్చువేసిన పట్టికలో అన్నానికి గంట, ఉడికించిన గొర్రె మాంసానికి మూడు గంటలు. బోటీకి మాత్రం అన్నంతో సమానంగా గంటే! మూడు గంటలు ఎక్కువే అనుకోవచ్చు, కానీ మూడు రోజులు కాదు.

మరి పంటికింద రబ్బరులా సాగే ముక్క మాటేమిటి? అది కొల్లాజెన్ పని. కండపోగుల్ని కట్టిపడేసే ఈ పదార్థం జంతువు ముదిరేకొద్దీ గట్టిపడుతుంది, తడివేడిలో గంటల తరబడి మగ్గితే జిగురుగా కరుగుతుంది. పైగా కోసిన కొన్ని గంటల దాకా కండ బిగుసుకుని ఉంటుంది, తర్వాతే దానిలోని ఎంజైములు దాన్ని మెత్తబరుస్తాయి. మనం తెల్లారి కోసిన యాటను పొద్దెక్కకముందే గిన్నెలో వేస్తాం, ఆ బిగువు సడలే వ్యవధి ఇవ్వం. అందుకే మన వంట ఆ లోటును మంటతో పూడ్చుకుంది. రాత్రంతా మరిగే పాయా, పచ్చి బొప్పాయి రుద్దిన కబాబు, భట్టీ మీద గంటలకొద్దీ ఉడికి కర్రలతో మెదిపితే గోధుమ ఏదో మాంసం ఏదో తెలియని హలీం, ఇవన్నీ కడుపు పనిలో కొంత ముందే ముగించిన వంటలు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీంను నేను రుచి కంటే ముందు ఈ కోణంలోనే మెచ్చుకుంటాను. కబేళా ఉన్న చెంగిచెర్లలోనే జాతీయ మాంస పరిశోధన సంస్థ కూడా ఉంది. 1999లో పరిశోధన కేంద్రంగా మొదలైన ఆ సంస్థ పట్టించుకునే విషయాల్లో మాంసం మెత్తదనం ఒకటి.

అయినా తిన్నాక బరువుగా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. కొవ్వు చేరితే కడుపు ఖాళీ కావడం నెమ్మదిస్తుంది. నెయ్యీ నూనే తేలే బిర్యానీని పీకలదాకా తిని నేరం ముక్క మీద వేయడం అన్యాయం. ఆయుర్వేదం మాంసాన్ని గురువు, అంటే అరగడానికి బరువైనది, అన్నదనేవాళ్లు, ఆ ఆయుర్వేదం రాసిన చరకుడే చిక్కిపోయినవాళ్లకు మాంసరసం పెట్టమన్నాడని కూడా చెప్పాలి. అసలైన అభ్యంతరం వేరే ఉంది. 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎర్ర మాంసాన్ని బహుశా క్యాన్సర్ కారకమన్నది, సాసేజీల్లాంటి నిల్వ మాంసాన్ని కచ్చితంగా కారకమన్నది. దీన్ని కొట్టిపారేయలేం. అయితే అరగడం వేరు, ఏళ్ల తరబడి ఎక్కువగా తింటే జరిగే కీడు వేరు. బాగా అరిగేదంతా ఎంత తిన్నా మంచిదేనని ఎవరూ అనలేదు.

ఎంత తినాలన్న లెక్కలో నిక్కచ్చిగా ఉన్నది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనతో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. మాంసం లేకపోతే మాంసకృత్తులు అందవన్న వాదనను ఆ సంస్థను నడిపిన డాక్టర్ గోపాలన్ నాడే ఒప్పుకోలేదు. కడుపునిండా తింటే గింజలూ పప్పులే చాలన్నారు. మాంసానిది పైచేయి అయ్యేది ఇనుము దగ్గర. గింజల్లోని ఫైటేట్లు పట్టి ఉంచే ఇనుము కొద్దిగానే ఒంటబడుతుంది. మాంసంలోని హీమ్ ఇనుము వాటికి చిక్కదు, పైగా మాంసంతో కలిపి తింటే ఇతర తిండిలోని ఇనుము కూడా మెరుగ్గా అందుతుంది. దానికి పెద్ద కుప్పేమీ అక్కర్లేదు. ఆ సంస్థ 2024లో సూచించిన రెండు వేల కేలరీల పళ్లెంలో కూరగాయలు 400 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసమూ అన్నీ కలిపి రోజుకు 85 గ్రాములు.