రబ్బరు తోట అడవి ఎప్పుడయింది?

వాతావరణ మార్పు విధానాల చరిత్ర రాసేవాళ్లు రబ్బరు దగ్గరికి వచ్చేసరికి చాలావరకు ఒకే కథ చెబుతారు. 1997లో క్యోటో ఒప్పందం కుదిరింది. చెట్లు ఎంత కర్బనాన్ని పట్టి ఉంచుతాయో లెక్కలు మొదలయ్యాయి. రబ్బరూ చెట్టే కాబట్టి అదీ అడవుల పద్దులో చేరింది. వినడానికి సబబుగానే ఉంది. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కథ నిలబడదు. రబ్బరు అడవిగా మారడానికి కర్బనం కన్నా ముందే రెండు దారులు పడ్డాయి. ఒకటి మన ఈశాన్యంలో అటవీ శాఖ వేసినది, రెండోది మలేసియా ఫర్నిచర్ కర్మాగారాలు వేసినది. వాతావరణ చర్చల్లో కూర్చున్నవాళ్లు అప్పటికే వేసి ఉన్న దారిలో నడిచారంతే.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1876లో హెన్రీ విక్హాం అమెజాన్ నుంచి దాదాపు 70 వేల గింజలను లండన్ క్యూ ఉద్యానవనానికి చేర్చాడు. మొలిచిన కొద్ది మొక్కలు సిలోన్‌కు, సింగపూర్‌కు వెళ్లాయి. చెట్టును చంపకుండా పాలు తీసే పద్ధతిని సింగపూర్‌లో వృక్షశాస్త్రవేత్త రిడ్లీ స్థిరపరిచాడు. 1902లో కేరళలో పెరియార్ ఒడ్డున తట్టేకాడ్ దగ్గర వాణిజ్య సాగు మొదలైంది. బ్రెజిల్‌లో కార్ల తయారీదారు ఫోర్డ్ వేయించిన తోటలను ఆకుమచ్చ తెగులు తినేసింది. 1947లో మన రబ్బరు చట్టం వచ్చింది, దాని కింద బోర్డు ఏర్పడింది. ఇంత చరిత్రలో రబ్బరు తోటను అడవి అన్నవాళ్లు లేరు. అడవి కొట్టి వేసే పంటగానే అందరూ దాన్ని చూశారు. రబ్బరు బోర్డు ఈనాటికీ వాణిజ్య మంత్రిత్వ శాఖ కిందే ఉంది.

మొదటి మలుపు 1963లో త్రిపురలో వచ్చింది. అక్కడి అటవీ శాఖ పతిచారిలో రబ్బరు నాటింది. కారణం నేల కోత. కొండవాలు మీద ఝూమ్ సాగు, అంటే మన ఏజెన్సీలో పోడు, వెనక వదిలిపోయిన బోడి నేలను ఏదో ఒక చెట్టుతో కప్పాలన్నది ఆలోచన. 1976లో అటవీ అభివృద్ధి కార్పొరేషన్, 1983లో పునరావాస తోటల కార్పొరేషన్ వచ్చాయి. ఝూమ్ మీద బతికే గిరిజన కుటుంబాలను రబ్బరు తోటల్లో స్థిరపరచడం ప్రభుత్వ విధానమైంది. దక్షిణాన ఇదే పని ఇంకో కారణంతో జరిగింది. 1964 సిరిమావో-శాస్త్రి ఒప్పందం ప్రకారం సిలోన్ నుంచి తిరిగొచ్చిన తమిళ కూలీలకు బతుకుతెరువు చూపించడానికి కన్యాకుమారి జిల్లాలో, కర్ణాటకలోని సుళ్య, పుత్తూరు ప్రాంతాల్లో ప్రభుత్వమే రబ్బరు తోటలు వేయించింది. అడవుల శాఖే రబ్బరు రైతు అయింది. వాతావరణం అన్న మాట ఆ రోజుల్లో ఎవరి నోటా లేదు. రబ్బరు నాటితే పచ్చదనం తిరిగొచ్చినట్టే అన్న పరిపాలనా అలవాటు మాత్రం అక్కడే పుట్టింది.

ఆ అలవాటును ఆపడానికి పార్లమెంటు ఒకసారి గట్టిగానే పూనుకుంది. 1980 అటవీ సంరక్షణ చట్టానికి 1988లో చేసిన సవరణ ‘అటవీయేతర ప్రయోజనం’ అంటే ఏమిటో పంటల పేర్లు పెట్టి చెప్పింది. తేయాకు, కాఫీ, సుగంధ ద్రవ్యాలు, రబ్బరు, తాటి జాతి చెట్లు వరసగా ఉన్నాయి. అటవీ భూమిలో ఇవి వేయాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి. చట్టం దృష్టిలో రబ్బరు నాటడమంటే అడవిని వేరే పనికి మళ్లించడమే. ఈ సవరణను అడవుల చరిత్రలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నా లెక్కలో ఈ విషయంలో మన దేశం చూపిన అత్యంత స్పష్టమైన ఆలోచన ఇదే.

రెండో దారి కలపది. రబ్బరు చెట్టు నాటిన ఏడేళ్లకు పాలకు వస్తుంది, పాతిక ముప్ఫై ఏళ్లకు వట్టిపోతుంది. కొట్టేసిన మానుకు చాలాకాలం వంటచెరకు విలువే ఉండేది. పిండిపదార్థం ఎక్కువ కాబట్టి కోసిన కొద్ది రోజులకే బూజు నల్లగా పాకుతుంది, పురుగు తొలిచేస్తుంది. పొగగదుల్లో, ఇటుక బట్టీల్లో కాల్చడానికే వాడేవారు. బోరాన్ మందు పట్టించి కొలిమి గదుల్లో ఆరబెట్టే పద్ధతి 1980ల నాటికి మలేసియాలో కుదురుకుంది. సహజారణ్యపు కలప తగ్గిపోతున్న కాలమది. లేత రంగు రబ్బరు కలప కుర్చీలు, బల్లలు ఓడలెక్కాయి. మరో పదేళ్లకల్లా మలేసియా ఎగుమతి చేసే చెక్క ఫర్నిచర్‌లో సింహభాగం రబ్బరు కలపే అయింది.

ఇప్పుడు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కలు చూడండి. ప్రపంచ అడవుల మీద అది చేసిన 1990 నాటి మదింపులో రబ్బరు అటవీ తోటల్లో లేదు, వ్యవసాయ పంటగా పక్కన ఉంది. 2000 మదింపులో చేరింది. ఆ ఏడు ప్రపంచం మొత్తం మీద చూపిన 18.7 కోట్ల హెక్టార్ల అటవీ తోటల్లో 5 శాతం రబ్బరుదే. నిర్వచనంలో వాడిన మాట ‘రబ్బరు కలప తోటలు’. కర్బనం నిల్వల కోసం చేర్చి ఉంటే కలప పేరు ఎత్తాల్సిన పని లేదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, కొట్టిపారేయదగింది కాదు. ఉపగ్రహ చిత్రంలో రబ్బరు తోట, అడవి ఒకేలా కనిపిస్తాయి, విడదీయలేకే కలిపేశారని కొందరంటారు. అయితే అదే సంస్థ ఆయిల్ పామ్ తోటలను అడవి కాదని బయటే ఉంచింది. పైనుంచి చూస్తే అదీ పచ్చటి కప్పే. ఆయిల్ పామ్ అసలైన మాను కాదు, అందుకే వదిలేశారనవచ్చు. మరి మామిడి మాటేమిటి? మామిడి నిఖార్సైన మాను, అయినా పండ్ల తోటలన్నీ బయటే ఉన్నాయి. ఆ గీత చెట్టు స్వభావాన్ని బట్టి గీసింది కాదు, ఉపగ్రహం చూపును బట్టి గీసిందీ కాదు. కలప వ్యాపారానికి అక్కరకొచ్చే చెట్టు లోపల ఉంది, మిగతావి బయట ఉన్నాయి. ఒక్క కలపే కారణమని నేను అనను. అటవీ శాఖల చేతుల్లో ఉన్న రబ్బరు విస్తీర్ణం కూడా ఈ నిర్ణయాన్ని తేలిక చేసి ఉండవచ్చు. కర్బనం కారణం కాదన్నది మాత్రం నాకు స్పష్టంగా ఉంది.

2001 నవంబరులో మరాకేష్‌లో క్యోటో నియమాలు ఖరారు చేసినవాళ్లు అడవికి కొలతలు పెట్టారు. నేల 0.05 నుంచి 1 హెక్టారు, చెట్ల కప్పు 10 నుంచి 30 శాతం, ఎత్తు 2 నుంచి 5 మీటర్లు. ఏ దేశానికి ఆ దేశం ఈ హద్దుల్లో తన అంకె ఎంచుకోవచ్చు. ఇంకా ఎదగని తోటలు కూడా అడవిలోకే వస్తాయని ప్రత్యేకంగా రాశారు. సహజారణ్యానికీ నాటిన తోటకూ మధ్య తేడా పెట్టలేదు. అడవి అడవి కాకుండా పోతేనే అటవీ నిర్మూలన. నూరేళ్ల అడవి కొట్టి అక్కడే రబ్బరు నాటితే, ఆ నిర్వచనం ప్రకారం ఏ నిర్మూలనా జరగలేదు. 2010లో కాన్‌కున్‌లో సహజారణ్యాలను మార్చడానికి అడవుల కర్బన పథకాలను వాడరాదని ఒక రక్షణ వాక్యం చేర్చారు. దాన్ని కొలిచే లెక్కల పద్దు మాత్రం మారలేదు.

ఆ పదేళ్లలోనే రబ్బరు ధర ఎగబాకింది. లావోస్, కంబోడియా, చైనాలోని షిషువాంగ్‌బన్నా కొండలు రబ్బరుతో నిండిపోయాయి. 2023లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఉపగ్రహ అధ్యయనం ప్రకారం 1993 నుంచి ఆగ్నేయాసియాలో రబ్బరు కోసం పోయిన అడవి 40 లక్షల హెక్టార్ల పైమాటే. విధానకర్తలు అప్పటిదాకా నమ్ముకున్న అంకెలకు ఇది రెండు మూడు రెట్లు. రబ్బరును అడవిగా లెక్కపెట్టే ఏర్పాటే ఆ నష్టాన్ని కనిపించకుండా చేయడానికి చాలావరకు తోడ్పడిందని నా నమ్మకం.

ఒక రబ్బరు తోటలో తెల్లవారకముందే అడుగుపెడితే తేడా ఏమిటో చెప్పించుకోనక్కర్లేదు. హెక్టారుకు నాలుగైదు వందల చెట్లు, అన్నీ ఒకే వయసువి, ఒకే రకానివి, తాడు పట్టి వేసినట్టు బారులు తీరి ఉంటాయి. నుదుటికి లైటు కట్టుకున్న మనిషి వంగిన కత్తితో పాత గీత కింద బియ్యపు గింజ మందాన బెరడు గీస్తాడు. గీత ఎడమనుంచి కుడికి ఏటవాలుగా దిగుతుంది. లోతు కాస్త ఎక్కువైతే చెట్టుకు పుండు పడుతుంది, తక్కువైతే పాలు రావు. పాలు రేకు మీదుగా చిప్పలోకి కారతాయి, ఎండెక్కేలోపు సేకరించాలి. లేత తోటలో నేలంతా ఒకే జాతి తీగ పరుచుకుని ఉంటుంది, ముదిరిన తోటలో రాలిన ఆకే. అది నైపుణ్యమున్న చేతుల వ్యవసాయం. దాన్ని చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. ప్రపంచంలోని సహజ రబ్బరులో దాదాపు 85 శాతం చిన్న రైతులు పండించేదే. త్రిపురలో ఝూమ్ వదిలిన ఎన్నో కుటుంబాలు దాని మీదే ఇల్లు కట్టుకున్నాయి, పిల్లల్ని చదివించుకున్నాయి. బోడి నేల మీద రబ్బరు కర్బనాన్ని పెంచుతుందన్నదీ నిజమే. పెట్రోలియం నుంచి చేసే కృత్రిమ రబ్బరు కన్నా ఇది మేలన్న వాదనలోనూ బలముంది. ఇవన్నీ మంచి పంటకు ఉండే గుణాలు. అడవి గుణాలు వేరు.

మన దేశపు నేటి పరిస్థితి నాకు అస్సలు రుచించదు. 1988 సవరణ రబ్బరును అటవీయేతరం అంటోంది. భారత అటవీ సర్వే సంస్థ మాత్రం ఒక హెక్టారుకు పైబడి, 10 శాతానికి మించి చెట్ల కప్పున్న ప్రతి నేలనూ, అది ఎవరిదైనా, ఏ పంటైనా, అటవీ విస్తీర్ణంగానే చూపుతోంది. మన గోదావరి జిల్లాల్లో, ఖమ్మంలో ఎదిగిన ఆయిల్ పామ్ తోటలు ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కలో అడవి కాకపోయినా మన సర్వే నిర్వచనంలో పడతాయి. ఇది రికార్డుల గొడవ అనుకుని వదిలేయడానికి లేదు. 2030 నాటికి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడుకు సమానమైన కర్బనాన్ని చెట్లలో నిలుపుతామని పారిస్‌లో మాట ఇచ్చాం. 2023 అటవీ నివేదిక 2005తో పోల్చి 229 కోట్ల టన్నులు చేరాయని ప్రకటించింది. మరోవైపు 2021 నుంచి నాలుగు పెద్ద టైర్ల కంపెనీల డబ్బుతో ఈశాన్య రాష్ట్రాల్లో, పశ్చిమ బెంగాల్‌లో 2 లక్షల హెక్టార్ల కొత్త రబ్బరు వేయించే పథకం నడుస్తోంది. అది బోడి కొండ మీద పడుతోందో, కోలుకుంటున్న పాత ఝూమ్ అడవి మీద పడుతోందో మన అటవీ విస్తీర్ణపు అంకె చెప్పలేదు.

ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ఈ ముడిని ఒకవైపు నుంచి విప్పింది. 2020 డిసెంబరు 31 తరవాత అడవి కొట్టిన నేలలో పండిన రబ్బరును అది కొనదు. అంతకన్నా ముఖ్యంగా, రబ్బరు తోటను వ్యవసాయ తోటగా గుర్తించి అడవి నిర్వచనంలోంచి తీసేసింది. మొదటి ముసాయిదాలో రబ్బరు పేరే లేదు, తరవాత చేరింది. నిర్వచనం మేరకు నేను దాన్ని ఆహ్వానిస్తాను. అమలు గురించి మాత్రం నాకు బెంగ ఉంది. ప్రతి మడి అక్షాంశ రేఖాంశాలు చూపించాల్సింది చివరికి ఎకరం రెండెకరాల రైతు. 2011లో కిలో 240 రూపాయలు చూసి, 2016లో 100 లోపుకు పడిపోయిన ధర భరించిన మనిషికి ఈ కాగితాల ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ఇంకా తేలలేదు. అమలు తేదీ ఇప్పటికే రెండుసార్లు వెనక్కి జరిగింది.

మనం చేయాల్సిన పని ఇంతకన్నా చిన్నది. రబ్బరు చలికాలం చివర్లో ఒక్కసారిగా ఆకు రాల్చి, కొద్ది వారాల్లోనే చిగురిస్తుంది. సతత హరితారణ్యం అలా రాల్చదు. ఆ వారాల్లో తీసిన ఉపగ్రహ చిత్రాలతో తోటను అడవి నుంచి విడదీయవచ్చని పరిశోధకులు చేసి చూపించారు. కాబట్టి సాంకేతిక ఇబ్బంది అన్న సాకు ఇక చెల్లదు. తరవాతి అటవీ నివేదికలో రాష్ట్రాలవారీగా రబ్బరుకు వేరే గడి ఉండాలి. అది లేనంతవరకు ఆ 229 కోట్ల టన్నుల్లో నిలిచి ఉండే అడవి ఎంతో, పాతికేళ్లకు గొడ్డలి కిందికి పోయే పంట ఎంతో విడదీసి చూసే వీలు ఆ నివేదిక చదివేవారికి ఉండదు.