కళ్లెం, వాగె, వయ్యాళి: తెలుగు నేల మీద గుర్రపు శిక్షణ

కొత్తగా జీను వేసిన గుర్రానికి మొదట నేర్పేది పరుగు కాదు, వాగెను నమ్మడం. మూడు నాలుగేళ్ల గుర్రం వీపు మీద తొలిసారి మనిషి కూర్చుంటే అది నడుం కుంగదీస్తుంది, మెడ బిగిస్తుంది, కళ్లెం తగలకుండా తల పైకెత్తేస్తుంది. అందుకే ఇప్పటి సవారీ బడుల్లో ముందు పొడుగు తాడు కట్టి, శిక్షకుడి చుట్టూ వలయంగా నడిపిస్తారు. వెనక కాళ్లు పొట్ట కిందికి పడటం మొదలయ్యాకే రౌతు ఎక్కుతాడు. అతని మోచేతి నుంచి గుర్రం నోటిదాకా వాగె ఒకే గీతలో ఉంటుంది, లాగదు, వేలాడదు. మడమల ఒత్తిడికి గుర్రం ముందుకు సాగుతూ ఆ చేతి కోసం మెడ చాపుతుంది. వాగెను వేళ్ల మధ్య నుంచి కొద్దికొద్దిగా వదిలితే కళ్లేన్ని నములుతూ ముట్టెను ముందుకు, కిందికి దించుతుంది. అప్పుడు వీపు లేచి బరువు మోయగలుగుతుంది. తెలుగు నేల మీద ఈ పాఠం ఆలస్యంగా అడుగుపెట్టింది. అంతకు ముందు శతాబ్దాలపాటు గుర్రం మెడ ఎలా ఉండాలో నిర్ణయించింది యుద్ధం.

ప్రాచీన శాస్త్రాలు గుర్రాన్ని నడకను బట్టి లెక్కగట్టాయి. అమరకోశం ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని పంచధారలు చెబుతుంది. అర్థశాస్త్రంలోని అశ్వాధ్యక్ష ప్రకరణం సవారీ గుర్రాల నడకల్లో ముందుగా పేర్కొన్నది వల్గనాన్ని, అంటే గుండ్రంగా తిరిగే నడకను. చిన్న చోటులో చటుక్కున తిరగగల గుర్రానికే విలువ. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడి మానసోల్లాసం గుర్రాలను వయ్యాళి తిప్పడాన్ని, అంటే మైదానంలో సవారీ చేయడాన్ని, రాజవినోదంగా వర్ణించింది. కాకతీయుల కొలువులో గజాశ్వ దళాల అధికారులకు సాహిణి అనే బిరుదు ఉండేది. నృత్తరత్నావళి రాసిన జాయపసేనాని గణపతిదేవుడి గజసాహిణి.

దక్షిణాదికి మేలు జాతి గుర్రాలు ఓడల మీద వచ్చేవి. 13వ శతాబ్ది చివర కోరమండల్ తీరం చూసిన మార్కో పోలో, అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొన్నా, చాకిరీ తెలిసినవాళ్లు లేక చాలావరకు చచ్చిపోతున్నాయని రాశాడు. విజయనగరం కూడా ఈ వ్యాపారం మీదే ఆధారపడింది. సాళువ నరసింహుడు సముద్రంలో చచ్చిన గుర్రానికి సైతం, తోక తెచ్చి చూపిస్తే వెల కట్టేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ చెబుతాడు. విజయనగర రాజు ఏటా 13,000 హొర్ముజ్ గుర్రాలు కొనేవాడన్న లెక్కా ఆయనదే. కృష్ణదేవరాయలు రోజూ తెల్లవారకముందే సాము, కుస్తీ ముగించి, గుర్రమెక్కి మైదానంలో అటూ ఇటూ దౌడు తీయించేవాడని పోర్చుగీసు యాత్రికుడు పేస్ వర్ణించాడు.

ఇలా వయసొచ్చాక, ప్రయాణపు బడలికతో దిగిన గుర్రాన్ని పుట్టిన దగ్గర్నుంచి మచ్చిక చేసే అవకాశం ఇక్కడి రౌతులకు లేదు. అందుకే ఎంపికకు ప్రాముఖ్యం పెరిగింది. మనుమంచి భట్టు తెలుగులో రాసిన హయలక్షణ విలాసం లాంటి గ్రంథాలు సుళ్లు, రంగులు, అవయవ లక్షణాలు చూసి గుర్రాన్ని ఎంచే విద్యను నేర్పాయి. చేతి పనితనం మాత్రం రౌతు నుంచి రౌతుకు చూపు మీదే అందేది.

దక్కను సుల్తానుల నాటి నుంచి నిజాం కాలం దాకా గుర్రాన్ని మలిచే పని చాబుక్ సవారుది, మేపు మాలిషు సైసువి. నోటిలో ముళ్లున్న కళ్లెం, తల ఎగరేయకుండా ఛాతీ నుంచి కట్టే జేర్‌బంద్ వాళ్ల సరంజామా. గుర్రం మెడ వంచి, బరువంతా వెనక కాళ్ల మీద వేసుకుని, ఉన్న చోటే తిరగాలి. బల్లెం, కత్తి పట్టిన రౌతుకు ఒక చేయే ఖాళీ. ఆ పోరుకు అది సరిపోయే విద్యే. కానీ నొప్పికి భయపడి ముట్టె ఛాతీకి ఆనించుకున్న గుర్రం వాగెను తప్పించుకుంటుందే గాని అందుకోదు. మొరటు చేయి గుర్రాన్ని పాడుచేస్తుందని క్రీ.పూ. 4వ శతాబ్దిలోనే గ్రీకు రచయిత జెనోఫన్ హెచ్చరించాడు.

మార్పు సైన్యం ద్వారా వచ్చింది. నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన హైదరాబాద్ కంటింజెంట్ రిసాలాల్లో (అశ్వదళాల్లో) ఐరోపా కవాతు పద్ధతులు చేరాయి. 1910లో మధ్య భారతంలోని సాగర్‌లో అశ్వదళ పాఠశాల మొదలయ్యాక తాడు మీద తిప్పడం, మెత్తని కళ్లెం, రెండు చేతుల వాగె అధికారులకు క్రమపద్ధతిలో అందాయి. బారులు తీరి నడిచే దళానికి, దూరప్రయాణాలు చేసే దళానికి, వీపు బిగియని గుర్రం కావాలి. కంటింజెంట్ రిసాలాల వారసత్వం మోసిన 20వ దక్కన్ హార్స్ దళం మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 జులై 14న సోమ్ పోరులో దాడి చేసింది. హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనాలో పనిచేశారు. ఆ తర్వాత ట్యాంకులు గుర్రాలను సైన్యం నుంచి తప్పించాయి.

ఇప్పుడు ఆ విద్య కొన్నిచోట్లకే పరిమితం. హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థులకు సవారీ తప్పనిసరి పాఠం. మలక్‌పేట రేసుకోర్సుది వేరే లెక్క: అక్కడ రెండేళ్ల వయసుకే జీను పడుతుంది, దౌడులో గుర్రం వాగె మీద ఆనుకుని పరుగెత్తడమే జాకీకి కావాలి.

ఉత్తరాంధ్రలో నాతవరం, గొలుగొండ మండలాల వెనక లేచే తూర్పు కనుమల్లో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. నర్సీపట్నం ఎగువన రోడ్డు చేరని కొండ పల్లెలకు బియ్యం, ఉప్పు మోసేవి పొట్టి తట్టువలు. వాటిని నడిపించడానికి ముఖానికి కట్టిన తాడు చాలు. ఎగుడు దారిలో బరువుతో ఎక్కే గుర్రం తూకం కోసం తనంతట తానే మెడ కిందికి చాపుతుంది. తాడు వదులుగా పట్టుకుని ఆ కదలికకు అడ్డు రాకపోవడమే తోలేవాడి నేర్పు.