చీఫ్ కాదు, చార్లెస్ బెండర్

బేస్‌బాల్ మన కొండల్లో ఆడే ఆట కాదు. అయినా ఈ సంచికలో ఒక బేస్‌బాల్ ఆటగాడి చరిత్ర రాస్తున్నాం. ఆయన ఆదివాసీ, హాస్టల్లో పెరిగిన మనిషి. బంతి విసిరే చెయ్యి అలిసిపోయాక ఆ విద్యను ఇతరులకు నేర్పిన గురువు కూడా.

చార్లెస్ ఆల్బర్ట్ బెండర్ 1884లో అమెరికాలోని మిన్నెసోటాలో పుట్టారు. తల్లి ఒజిబ్వే తెగకు చెందినామె, తండ్రి జర్మన్ సంతతివాడు. వైట్ ఎర్త్ అనే మూలవాసుల రిజర్వేషన్‌లో బాల్యం గడిచింది. చిన్నతనంలోనే ఇంటికి వెయ్యి మైళ్లకు పైగా దూరాన ఉన్న ఫిలడెల్ఫియా హాస్టల్‌కు పంపారు. తర్వాత పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాలలో చేరి 1902లో చదువు ముగించారు.

ఈ కార్లైల్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1879లో రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి పాత సైనిక బారకాసుల్లో దాన్ని తెరిచాడు. పిల్లలు రాగానే జుట్టు కత్తిరించేవారు, పేరు మార్చేవారు, సొంత భాష మాట్లాడనిచ్చేవారు కాదు. పిల్లల్లోని ఆదివాసీతనాన్ని తుడిచేయడమే చదువు అనుకున్నారు. ఇల్లు చూడకుండానే అక్కడ చనిపోయిన పిల్లల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మన ఆశ్రమ పాఠశాలలు అలాంటివి కావు. అయినా కువి మాట్లాడే పిల్లను, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లను తోటివాళ్లు వెక్కిరించడం హాస్టళ్లలో పనిచేసే మేము వింటూనే ఉంటాం. అందుకే కార్లైల్ కథ మాకు దూరదేశపు కథలా అనిపించదు.

బెండర్ పిచర్. అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. కాకపోతే పరుగెత్తి వచ్చి వేయడు, బంతి నేలకు తగలదు. సుమారు 18 మీటర్ల దూరం నుంచి నేరుగా విసరాలి. ఆట మొత్తం ఒక్కడే వందసార్లకు పైగా విసిరిన రోజులవి. 1903లో కానీ మాక్ నడిపే ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టులో చేరి తొలి ఏడాదే 17 ఆటలు గెలిచారు. 1910లో 23 గెలిచి 5 మాత్రమే ఓడారు. ఆ ఏడాది మే 12న క్లీవ్‌లాండ్ జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 1910, 1911, 1913 సంవత్సరాల్లో ఆ జట్టు ప్రపంచ సిరీస్ గెలిచింది. చివర్లో పక్కకు తిరిగే ఒక బంతిని ఆయన బాగా వాడేవారు. ఇప్పుడు స్లైడర్ అనే బంతికి అది తొలి రూపమని చాలామంది అంటారు.

ఇంత చేసినా పత్రికలు ఆయన్ను ‘చీఫ్’ అనే రాశాయి. ఆ రోజుల్లో మూలవాసీ ఆటగాడు ఎవరైనా సరే, అదే పేరు తగిలించేవారు. కార్టూన్లలో తలమీద ఈకలు గీసేవారు. గ్యాలరీల్లోంచి యుద్ధ కేకల్ని అనుకరిస్తూ అరిచేవారు. అలా అరిచినవాళ్లను ఆయన తిరిగి ‘విదేశీయుల్లారా’ అని పిలిచేవారని చెప్పుకుంటారు. మాకు ఆ జవాబు భలే నచ్చింది. తనను ఆదివాసీగా కాక పిచర్‌గా చూడమని కోరుకున్నారు. సంతకం చేసేటప్పుడు మాత్రం చార్లెస్ బెండర్ అనే పెట్టేవారు. మైదానాల ఊళ్లకు సెలక్షన్లకు వెళ్లినప్పుడు పేరుతో కాక ‘ఏజెన్సీ’ అని పిలిపించుకున్న మన పిల్లలకు ఈ సంతకం విలువ వేరే చెప్పక్కర్లేదు.

1915 నాటికి ఆట తగ్గింది. కొత్త లీగ్‌కు వెళ్లి 4 గెలిచి 16 ఓడారు. పెద్ద లీగుల్లో మొత్తం 212 విజయాలు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. బెండర్ 1919లో రిచ్‌మండ్ అనే చిన్న లీగ్ జట్టుకు మేనేజరుగా వెళ్లి, తానే విసిరి 29 గెలిచి 2 ఓడారు. తర్వాత నౌకాదళ అకాడమీ జట్టుకు, షికాగో వైట్ సాక్స్‌కు, న్యూయార్క్ జెయింట్స్‌కు కోచ్‌గా పనిచేశారు. 1951లో పాత అథ్లెటిక్స్ జట్టుకే పిచింగ్ కోచ్‌గా తిరిగొచ్చారు. అప్పటికి వయసు అరవై ఏడు. ఆయన దగ్గర శిక్షణలో ఉన్న బాబీ షాంట్జ్ ఐదున్నర అడుగుల చిన్న మనిషి. 1952లో 24 ఆటలు గెలిచి, లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యారు. (అదే 1952లో మన గాం మల్లుదొర విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. రెంటికీ సంబంధం లేదు, కాలం గుర్తుండటానికి చెప్పాం.)

మన దగ్గర పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, తర్వాత కోచ్‌గా సింధును 2016 ఒలింపిక్ రజతం దాకా నడిపించారు. ఏజెన్సీ పిల్లలకు మాత్రం తమలోంచే వచ్చిన కోచ్ ఇంకా అరుదే. పరుగులో, విలువిద్యలో మెరిసిన మన పిల్లలు పెళ్లయ్యాకో, ఉద్యోగం దొరక్కో మైదానం వదిలేస్తున్నారు. వాళ్లకు తెలిసింది కింది తరగతి పిల్లలకు అందడం లేదు.

బెండర్‌ను 1953లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకున్నారు. 1954 మే 22న, ఆ వేడుక జరగకముందే ఆయన కన్నుమూశారు. ఆగస్టులో జరిగిన వేడుకకు భార్య మేరీ వెళ్లారు.