తిరిగి వచ్చినవారి కోసం ఏడ్చిన రోము సంఘం



తప్పిపోయిన కుమారుడి కథ మనకు సండేస్కూల్లోనే తెలుసు. తండ్రి లోపల విందు చేస్తుంటే పెద్దకొడుకు అలిగి బయటే ఉండిపోయాడు. ఆ పెద్దకొడుకు సమస్య ఒకప్పుడు క్రైస్తవ లోకం మొత్తానికీ వచ్చిపడింది. ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

క్రీ.శ. 249 చివర్లో రోమా చక్రవర్తి డెసియస్ ఒక ఆజ్ఞ వేశాడు. ప్రతివాళ్లూ దేవతలకు బలి ఇచ్చి, ఆ మాంసం రుచి చూసి, అధికారుల దగ్గర పత్రం తీసుకోవాలి. అలాంటి పత్రాలు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. పేరు, ఊరు, ఎప్పుడూ బలులు ఇస్తూనే ఉన్నానన్న మాట, కింద సాక్షి సంతకం. చూస్తే మన తాలూకా ఆఫీసు కాగితాలే గుర్తొస్తాయి.

రోము బిషప్పు ఫేబియన్ 250 జనవరిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఉత్తర ఆఫ్రికాలో కార్తేజి బిషప్పు సిప్రియన్ అజ్ఞాతంలోకి వెళ్లాడు. విశ్వాసుల్లో చాలామంది లొంగిపోయారు. కొందరు బలి ఇచ్చారు, కొందరు చిటికెడు ధూపం వేశారు, ఇంకొందరు డబ్బిచ్చి పత్రం కొనుక్కున్నారు.

ఏడాది తిరిగేసరికి హింస సద్దుమణిగింది. లొంగిపోయినవాళ్లు ఏడుస్తూ సంఘం గుమ్మం దగ్గరకు వచ్చారు. లోపల ఉన్నదెవరు? చెరసాలలో మగ్గినవాళ్లు, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు. వాళ్ల కోపాన్ని నేను తేలిగ్గా తీసెయ్యలేను. అయిదేళ్ల తర్వాత ఎవరైనా వచ్చి వెనక బెంచీలో కూర్చుంటేనే మనం తల తిప్పి చూస్తాం కదా!

సిప్రియన్‌ను మెత్తనివాడు అనుకోకండి. దాక్కున్నందుకు తనూ మాటలు పడ్డాడు గానీ, క్షమాపణ చౌకగా పంచడానికి ఒప్పుకోలేదు. 251లో కార్తేజిలో బిషప్పులు సమావేశమై, పత్రం మాత్రమే కొన్నవాళ్లను ఒక్కొక్కరినీ విచారించి చేర్చుకోవచ్చన్నారు. బలి ఇచ్చినవాళ్లు చాలాకాలం పశ్చాత్తాపంలో ఉండాలి, మరణశయ్య మీద ఉంటే మాత్రం కాదనకూడదు. తర్వాత మరో హింస ముంచుకొస్తోందని తెలిసి, పశ్చాత్తాపంలో ఉన్నవాళ్లందరినీ చేర్చుకున్నారు.

రోములో మాత్రం సంఘం చీలింది. కొత్త బిషప్పు కొర్నేలియస్‌కు పోటీగా నొవేషియన్ అనే పండితుడు బిషప్పయ్యాడు. విగ్రహాలకు బలి ఇచ్చినవాడికి సంఘంలో ఇక చోటు లేదన్నాడు. మాక్సిమస్ అనే సంఘ పెద్ద, ఉర్బానస్, సిడోనియస్ ఆయన వైపు వెళ్లారు. వీళ్లు విశ్వాసం కోసం నెలల తరబడి చెరసాలలో ఉన్నవాళ్లు, కాబట్టి వాళ్ల మాటకు ఎంతో బరువు.

కొన్నాళ్లకే వాళ్లకు తమ పొరపాటు తెలిసివచ్చింది. తలుపు మూసెయ్యాలన్న పక్షంలో నిలబడ్డవాళ్లే ఇప్పుడు వచ్చి తలుపు తట్టారు! కొర్నేలియస్ పెద్దలను సమావేశపరిచాడు, అయిదుగురు బిషప్పులు కూడా ఉన్నారు. తర్వాత జరిగింది ఆయనే సిప్రియన్‌కు ఉత్తరం రాశాడు. జనం పెద్దయెత్తున పోగై ఒక్క గొంతుతో దేవుణ్ణి స్తుతించారు, కన్నీళ్లు పెట్టుకున్నారు, వాళ్లు ఆ రోజే చెరసాల నుంచి విడుదలై వచ్చినట్టు కౌగిలించుకున్నారు. మాక్సిమస్‌కు పాత స్థానం తిరిగి ఇచ్చారు. సిప్రియన్ సంతోషం పట్టలేక కొర్నేలియస్‌కు జవాబు రాశాడు. వచ్చినవాళ్లకు వేరే ఉత్తరం కూడా పంపాడు.

అదే కాలంలో అంతియొకయ బిషప్పు ఫేబియస్ నొవేషియన్ వైపు మొగ్గుతున్నాడు. అలెగ్జాండ్రియా బిషప్పు దియొనీసియస్ ఆయనకు రాసిన ఉత్తరంలో ఒక ముసలాయన కథ చెప్పాడు. పేరు సెరాపియన్. హింసలో బలి ఇచ్చాడు. తర్వాత ఎన్నిసార్లు బతిమాలినా ఎవరూ పట్టించుకోలేదు. జబ్బుపడి మూడు రోజులు మాట పడిపోయింది. నాలుగో రోజు కాస్త తేరుకుని, సంఘ పెద్దను పిలుచుకు రమ్మని కూతురి కొడుకును పంపాడు. రాత్రివేళ, పైగా ఆ పెద్దకూ జబ్బు. అడిగినవాళ్లను చనిపోయే ముందు చేర్చుకోమని దియొనీసియస్ అదివరకే చెప్పి ఉన్నాడు. అందుకని ఆయన ప్రభు బల్ల రొట్టెలోంచి చిన్న ముక్క పిల్లవాడి చేతికిచ్చి, తడిపి తాత నోట్లో వెయ్యమన్నాడు. పిల్లవాడు ఇంకా గుమ్మంలో ఉండగానే తాత, వచ్చావా నాయనా, ఆయన రాలేకపోయారు కదూ, చెప్పినట్టు త్వరగా చెయ్యి, అన్నాడట. పిల్లవాడు రొట్టె తడిపి నోట్లో వేశాడు. ముసలాయన కొంచెం మింగి, వెంటనే కన్నుమూశాడు.