శవం ముందు తెరిచిన డచ్ పుస్తకం

విదేశీ భాష ఎందుకు నేర్చుకోవాలి అని అడిగితే మన దగ్గర సిద్ధంగా ఉండే జవాబులు రెండు: ఉద్యోగం, వీసా. అవి తప్పేమీ కాదు. కానీ ఉద్యోగమూ లేక, దేశం దాటే అవకాశమూ లేక, మాట్లాడటానికి ఎదురుగా మనిషి కూడా లేక ఒక భాష నేర్చుకున్నవాళ్లకి ఏం దక్కింది? పద్దెనిమిదో శతాబ్దపు జపాన్‌లో ఈ ప్రశ్నకి ఒక జవాబు ఉంది.

1771 వసంతంలో ఒక రోజు ముగ్గురు వైద్యులు ఎడో నగరపు (నేటి టోక్యో) శివార్లలోని కొజుకప్పర అనే వధ్యస్థలానికి వెళ్లారు. సుగితా గెంపకు, మయెనో ర్యోతకు, నకగవా జున్‌అన్. మరణశిక్ష పడిన ఒక స్త్రీ శవాన్ని ఆ రోజు కోసి చూపిస్తారని గెంపకుకి కబురొచ్చింది. అతని దగ్గరా, ర్యోతకు దగ్గరా ఒకే పుస్తకం ఉంది: కుల్ముస్ అనే జర్మన్ వైద్యుడు రాసిన శరీర నిర్మాణ శాస్త్రానికి 1734లో వచ్చిన డచ్ అనువాదం. ఇద్దరూ విడివిడిగా సంపాదించుకున్నారు. కొనే స్తోమత లేక గెంపకు తన సంస్థానం చేత కొనిపించుకున్నాడు. అందులో ఒక్క వాక్యం కూడా అతనికి అర్థం కాదు. బొమ్మలు మాత్రం చూశాడు.

అప్పట్లో జపాన్‌తో వ్యాపారానికి యూరోపియన్లలో అనుమతి ఒక్క డచ్చివాళ్లకే. బందరులో 1605 నుంచీ వర్తకం చేసిన, వలందపాలేనికి ఆ పేరు మిగిల్చిపోయిన ఆ డచ్చివాళ్లే వీళ్లూ. జపాన్‌లో మాత్రం 1641 నుంచి వాళ్లని నాగసాకి రేవులో దెజిమా అనే చిన్న దీవికి కట్టడి చేశారు. వాళ్ల భాష తెలిసింది తరతరాలుగా దుబాసీ పని చేసే కొన్ని కుటుంబాలకే. అంతకు ఐదేళ్ల ముందు ర్యోతకు, గెంపకు అలాంటి ఒక దుబాసీని కలిసి, మాకూ నేర్చుకోవాలనుంది అన్నారు. ఆయన నిరుత్సాహపరిచాడు. నీళ్లు తాగడం అనే మాటని సైగ చేసి అడగొచ్చు, తాగడం ఇష్టం అనేదాన్ని ఏ సైగతో అడుగుతారు అన్నాడు. గెంపకు అక్కడితో వదిలేశాడు. ర్యోతకు వదల్లేదు. నలభై ఏళ్లు దాటిన వయసులో నాగసాకి వెళ్లి కొన్ని వందల మాటలు మూటగట్టుకొచ్చాడు.

ఇక వధ్యస్థలంలో. శవాన్ని కోసింది వైద్యులు కాదు. ఆ పని అంటరానివాళ్లుగా చూడబడే కులానిది. తొంభై ఏళ్ల ముసలాయన ఒకడు కోస్తూ, ఇది గుండె, ఇది కాలేయం అని చూపించాడు. ఇంకా కొన్నింటిని చూపించి, వీటి పేరు నాకు తెలీదు గానీ ఎవరిని కోసినా ఇక్కడే ఉంటాయి అన్నాడు. ఇంతకుముందు చూడటానికొచ్చిన వైద్యులెవరూ వీటి గురించి అడగలేదని కూడా చెప్పాడు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఇదే. ఆ పాత వైద్యులకీ కళ్లున్నాయి. చైనా వైద్య గ్రంథాల్లో చెప్పిన ఊపిరితిత్తుల రెక్కలు, కాలేయపు తమ్మెలు ఎదురుగా ఉన్న శవంలో లేవని వాళ్లకీ కనిపించింది. గ్రంథం తప్పేమో అని మాత్రం అనిపించలేదు. చైనావాళ్ల శరీరాలు వేరు, మనవి వేరు కాబోలు అని సర్దుకున్నవాళ్లు కూడా ఉన్నారు! గెంపకు, ర్యోతకు అలా సర్దుకోలేకపోయారు, ఎందుకంటే చేతిలో ఇంకో భాష పుస్తకం ఉంది, దాని బొమ్మలు శవంతో అచ్చంగా సరిపోతున్నాయి. ఒకే భాషలో ఒకే గ్రంథం ఉన్నంతకాలం కళ్ల మీదే అనుమానం వస్తుంది. రెండోది చేతికొచ్చాక గ్రంథాన్ని అనుమానించే ధైర్యం వచ్చింది.

తిరిగొస్తూ దారిలోనే దీన్ని అనువదిద్దామని నిశ్చయించుకుని, మర్నాడే ర్యోతకు ఇంట్లో కూర్చున్నారు. సరైన నిఘంటువు లేదు. గురువు లేడు. ముక్కు గురించిన వాక్యంలో ఒక్క మాట దగ్గర రోజంతా ఆగిపోయారట. కొమ్మ నరికిన చోట మానిన గాయానికీ, తోట ఊడ్చినప్పుడు పోగైన చెత్తకీ అదే మాట వాడతారని ఒక చిన్న పుస్తకంలో దొరికింది. అంటే ఉబ్బెత్తుగా లేచి ఉండటం! ఈ ముచ్చట గెంపకు ఎనభై దాటాక, 1815లో రాసిన జ్ఞాపకాల్లోది. ఆ మాట అసలు పుస్తకంలో ఆ చోట లేదని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ముసలాయన జ్ఞాపకం దారి తప్పి ఉండొచ్చు, పడిన పాటు మాత్రం కల్పన కాదు. నాలుగేళ్లు, పదకొండు సార్లు తిరగరాత. 1774లో ‘కైతై షిన్షో’ (శరీర నిర్మాణంపై కొత్త గ్రంథం) అచ్చయింది.

దాని మీద ర్యోతకు పేరు లేదు. అందరికన్నా డచ్ బాగా వచ్చింది అతనికే. ఎందుకు వద్దన్నాడో రకరకాలుగా చెబుతారు. అనువాదం ఇంకా పరిపూర్ణం కాలేదన్నది వాటిలో ఒకటి. గెంపకు స్వభావం దీనికి పూర్తిగా ఎదురు: నేను రేపో మాపో పోతాను, తప్పులుంటే తర్వాతివాళ్లు దిద్దుకుంటారు అనే రకం. (అలా అన్నవాడు ఎనభై దాటేదాకా బతికాడు.) నిజంగానే వాళ్ల శిష్యుడు ఒత్సుకి గెంతకు దిద్దాడు, 1826లో సవరించిన ప్రతి వచ్చింది. ర్యోతకు లేకపోతే పుస్తకం మొదలయ్యేది కాదు, గెంపకు లేకపోతే పూర్తయ్యేది కాదు.

ఇంకో సంగతి. డచ్ మాటలు కొన్నింటికి సమానార్థకాలే లేవు, కల్పించాల్సి వచ్చింది. వాటిలో ఒకటి ‘షింకెయ్’. మెదడు నుంచి శరీరమంతా పాకే ఆ సన్నని తీగలకి పెట్టిన పేరు. చైనా, కొరియా భాషలు కూడా ఇప్పుడు ఇదే మాటని తమ ఉచ్చారణలో వాడుతున్నాయి. మన సంగతి చూడండి. రక్తపరీక్షకి వెళితే ‘నరం దొరకట్లేదు’ అంటారు, పిక్క పట్టేస్తే ‘నరం పట్టేసింది’ అంటాం, తిమ్మిర్లొస్తే ‘నరాల డాక్టర్’ దగ్గరికి పోతాం. మూడు వేరు వేరు వస్తువులు, మాట ఒకటే. సిర, ధమని, నాడి పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి, నోళ్లలోకి రాలేదు. మనలో ఇన్ని లక్షలమంది ఇంగ్లీషులో వైద్యం, ఇంజనీరింగ్ చదివాం. వెళ్లినంత సులువుగా ఆ చదువు వెనక్కి తెలుగులోకి రాలేదు.

నేర్చుకున్న భాష నిరుపయోగమైపోతే? అదీ జరిగింది. ఫుకుజావా యుకిచి ఒసాకాలో కష్టపడి డచ్ నేర్చుకుని 1859లో యొకొహామా వెళితే, దుకాణాల బోర్డులు చదవలేకపోయాడు. అక్కడ నడిచేది ఇంగ్లీషు. ఒక్కసారిగా నీరుగారిపోయాడు, వెంటనే ఇంగ్లీషు మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి తెలిసిందేమిటంటే, డచ్ వ్యాకరణం పట్టుబడినవాడికి ఇంగ్లీషు అంత కొత్తది కాదు. గెంపకు జ్ఞాపకాల రాతప్రతిని 1869లో అచ్చువేయించినవాడు కూడా ఇతనే. నిఘంటువు లేకుండా ఆ ముగ్గురు మొదటి పేజీ ముందు కూర్చున్న ఘట్టం చదివినప్పుడల్లా తనకి కన్నీళ్లు ఆగేవి కావని ఆ తర్వాతెప్పుడో రాసుకున్నాడు.